చీజ్ తినొచ్చా? ఎందుకు మానారన్నదాన్ని బట్టే జవాబు

అమెరికాలో మా ఊరి తెలుగువాళ్ల పాట్‌లక్‌లకు ఎవరేం తినరో రాసుకునే పని కొన్నేళ్లుగా నాదే. ఆ జాబితాలో తరచూ కనిపించే మాట "చీజ్ తినం". ఎందుకని అడిగితే ఒకరు శాకాహారులమంటారు, ఒకరు పాలు పడవంటారు, మరొకరు బీపీ ఉందంటారు. కారణం మారితే జవాబూ మారుతుంది. అందుకే ఒక్కో కారణాన్నీ విడిగా రాస్తున్నాను.

శాకాహారులకు: చాలా రకాల చీజ్‌లకు పాలను గడ్డకట్టించేది రెన్నెట్. సంప్రదాయంగా దీన్ని లేగదూడ పొట్టలోంచి తీస్తారు. ఇటలీ పార్మిజానో రెజ్జానోకు నిబంధనల ప్రకారం దూడ రెన్నెటే వాడాలి. రెస్టారెంట్‌లో పాస్తా, పెస్టో తినేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. సూక్ష్మజీవుల ద్వారా తయారుచేసే రెన్నెట్ ఎంజైమ్‌కు ఎఫ్‌డీఏ 1990లో అనుమతి ఇచ్చింది. ఇప్పుడు అమెరికా చీజ్‌లలో ఎక్కువగా వాడేది అదే. లేబుల్‌పై ఉత్త "ఎంజైమ్స్" అని ఉంటే అది ఏ రకమో చెప్పలేం. "వెజిటేరియన్ రెన్నెట్", "మైక్రోబియల్ ఎంజైమ్స్" అని ఉంటే నిశ్చింతగా కొనొచ్చు. నిమ్మరసంతో విరిచిన మన పనీర్‌కు ఈ బెంగే లేదు.

లాక్టోజ్ పడనివారికి: పాలు తాగితే ఉబ్బరం, విరేచనాలు అయ్యేది పాలలోని చక్కెర అరగక. కప్పు పాలలో సుమారు 12 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. చీజ్ తయారీలో చాలావరకు విరుగుడు నీటితోనే పోతుంది, మిగిలినదాన్ని మాగేటప్పుడు బ్యాక్టీరియా తినేస్తుంది. అందుకే బాగా మాగిన చెడ్డార్, స్విస్, పార్మెజాన్ చాలామందికి పడతాయి. రికోటా, కాటేజ్ చీజ్ వంటి తాజా రకాల్లో లాక్టోజ్ ఎక్కువ. సాదా చీజ్ కొనేటప్పుడు లేబుల్‌పై షుగర్స్ 0 గ్రాములు అని ఉందేమో చూడండి. ఒక సర్వింగ్‌లో అర గ్రాము కన్నా తక్కువ ఉంటేనే అలా వేస్తారు.

పాల అలర్జీ ఉన్నవారికి: ఇది పూర్తిగా వేరే సంగతి. ఇక్కడ ఇబ్బంది చక్కెరతో కాదు, కేసిన్ వంటి పాల ప్రోటీన్లతో. చీజ్‌లో ఉండేది ప్రధానంగా కేసినే. కాబట్టి "లాక్టోజ్ ఫ్రీ" చీజ్ కూడా ప్రమాదమే. ఆవుపాల అలర్జీ ఉన్న చాలామందికి మేకపాల చీజ్ కూడా పడదు. పనీర్, పెరుగు వద్దు. నెయ్యిలో కూడా పాల ప్రోటీన్ కొద్దిగా మిగిలి ఉండొచ్చు. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మకో నానమ్మకో "ఒక్క ముద్ద పెరుగన్నం కూడా పెట్టొద్దు" అని ముందే చెప్పండి. కొందరు పిల్లలకు ఆ ఒక్క ముద్దతోనే ఊపిరి అందకపోవచ్చు. డాక్టర్ రాసిచ్చిన ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి.

వీగన్ చీజ్‌లో పాలుండవు గానీ కొన్నింటిలో జీడిపప్పు ఉంటుంది. నట్ అలర్జీ ఉంటే చూసుకోండి. కొబ్బరినూనె, స్టార్చ్‌తో చేసిన వాటిలో ప్రోటీన్ దాదాపు ఉండదు.

గర్భిణులకు: పచ్చిపాల చీజ్‌లతో లిస్టీరియా ప్రమాదం ఉంది. కేసో ఫ్రెస్కో వంటి మెత్తని తాజా చీజ్‌లను పాశ్చరైజ్ చేసిన పాలతో చేసినా, 165 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా వేడిచేయకుండా తినొద్దు.

బీపీ ఉన్నవారికి: ఒక ఔన్సు చెడ్డార్‌లో సుమారు 180 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. స్విస్‌లో అందులో సగం కూడా ఉండదు. ఫెటా, ప్రాసెస్డ్ స్లైసుల్లో చెడ్డార్ కన్నా ఎక్కువ. డిప్రెషన్‌కు ఎంఏఓఐ రకం మందులు వాడుతుంటే మాగిన చీజ్ వల్ల బీపీ ఒక్కసారిగా పెరగొచ్చు. డాక్టర్‌ను అడగకుండా తినకండి.

తెలుగులో "పాలు పడవు" అనే మాట లాక్టోజ్ ఇబ్బందికీ, అలర్జీకీ రెండింటికీ వాడేస్తాం. స్కూల్ ఫారంలో మాత్రం అలా కుదరదు. డాక్టర్ చెప్పింది అలర్జీ అయితే "మిల్క్ అలర్జీ" అనే రాయండి, "లాక్టోజ్ ఇంటాలరెన్స్" అని కాదు. అది చదివి క్యాఫెటీరియాలో లాక్టోజ్ ఫ్రీ పాలు చేతికిస్తారు.