సర్కారు ప్లీడరు దరఖాస్తు

ఇట్టా రా తల్లీ, మంట దగ్గరకి జరుగు. ఆ పత్తికట్టె ఇంకో నాలుగు పుల్లలు వెయ్యి. నిప్పురవ్వ కల్లం వైపు ఎగరకుండా చూసుకో, ఏడాది కష్టమంతా, మిరపకాయలు, అక్కడ ఆరబోసుంది. రాత్రి మంచు పడుద్దని మీ నాన్న పట్టాలు కప్పిపోయాడు. కాపలా ఎటూ తప్పదు, నిద్ర ఎటూ రాదు. నీ దరఖాస్తు సంగతి మాట్లాడుకుందాం.

ఏపీపీ, అదే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ పోస్టులకి పెడతన్నావంట గదా. మూడేళ్ళు క్రిమినల్ కోర్టుల్లో ప్రాక్టీసు చేశావు, పరీక్ష సంగతి నువ్వు చూసుకుంటావు. ఇంటర్వ్యూలో ఈ ఉద్యోగం ఎందుకమ్మా అని అడిగితే ఏం చెప్పాలో తెలియట్లేదు తాతయ్యా అన్నావు పొద్దున. దానికి జవాబు నాకు ఒక్క మాటలో రాదు. జరిగింది చెప్తా, నువ్వే ఏరుకో.

నాకు పదేళ్ళ వయసులో అనుకుంటా, మా నాన్న మిరపకాయలు అమ్మడానికి గుంటూరు పోతా నన్నూ బండెక్కించుకున్నాడు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. రాజధాని కర్నూల్లో, హైకోర్టు గుంటూర్లో. 1954 జులైలో మొదలైంది, 1956 నవంబరులో హైదరాబాదుకి తరలిపోయింది. ఆ రెండేళ్ళే గుంటూరు వీధుల్లో హైకోర్టు ప్లీడర్లు నల్లకోట్లతో తిరిగారు. కోకా సుబ్బారావు గారు ప్రధాన న్యాయమూర్తి. మా నాన్న చేలో పనోడు. ఆ నల్లకోట్లని చూపించి, "వాళ్ళు మాట్లాడితే దొరలు కూడా ఆగి వింటార్రా" అన్నాడు. ప్లీడరీ చదవాలని అప్పుడే పడింది మనసులో.

నేను కోర్టుకి కొత్తగా పోయే రోజుల్లో పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడు నడుస్తుండేది, 1898 నాటిది. ఆ కోడు కింద చిన్న కోర్టుల్లో సర్కారు తరఫున పోలీసు అధికారే లేచి కేసు నడిపించొచ్చు. పట్టుకున్నదీ ఆ శాఖే, వాదించేదీ ఆ శాఖే. సాక్షి తడబడితే సరిదిద్దేదెవరు? కేసులో పసలేదని చెప్పేదెవరు? 1974 ఏప్రిల్ ఒకటిన కొత్త కోడు అమల్లోకొచ్చింది. మేజిస్ట్రేటు కోర్టుల్లో అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్లు ఉండాలి, పోలీసు అధికారిని ఆ పదవిలో వెయ్యకూడదు అని అందులో రాశారు. ఇప్పుడు 2024 జులై నుంచి ఆ కోడు బదులు నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది, సెక్షన్ల అంకెలు మారినయ్. ఆ మాట మాత్రం మారలా.

74లో కోడు మారిన కొత్తలోనే నేనూ ఏపీపీకి దరఖాస్తు పెట్టా. కోర్టు ఎదురుగా వేపచెట్టు కింద టైపు మిషనాయన దగ్గర కూర్చుని, మూడు కార్బన్ కాయితాలు పెట్టి కొట్టించా. నడిపిన కేసుల పట్టిక కూడా జతచెయ్యాలన్నారు. నేను గెలిచినవే రాశా. మా సీనియరు గారు చూసి కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "ఓడినవి ఏవయ్యా? జిల్లా పీపీ పదవికైతే కలెక్టరుగారు సెషన్స్ జడ్జిగారిని సంప్రదించి పేర్ల పట్టీ వేస్తారు, ఏడేళ్ళ ప్రాక్టీసు అడుగుతారు. సివిల్ పక్క గవర్నమెంటు ప్లీడరైతే సర్కారు భూమి, సర్కారు సొమ్ము కాపాడతాడు. నువ్వు పొయ్యేది ఆ రెంటికీ కాదు. పొద్దున్నే దెబ్బలు తిని వచ్చినోడు మొదట చూసేది నీ మొహం. ఓడిన కేసు దాచేవాడు రేపు ముద్దాయికి పనికొచ్చే కాయితం కూడా దాస్తాడు" అన్నారు. మళ్ళీ టైపు చేయించా, రెండు కాయితాలు ఎక్కువైనయ్.

సర్కారు ప్లీడరంటే సర్కారు నౌకరు అనుకుంటారు జనం. అదొక్కటే కాదు. మన పక్కనే చుండూరు ఉంది, చూడు. 1991 ఆగస్టు ఆరున అక్కడ ఎనిమిది మంది దళితుల్ని చంపారు. ఆ ఇళ్ళవాళ్ళు రెండు అడిగారు: కోర్టు మా ఊళ్ళోనే పెట్టండి, మేం నమ్మే వకీల్ని మాకియ్యండి అని. చట్టంలో దానికి వీలుంది. పౌరహక్కుల కోసం పనిచేసిన బి. చంద్రశేఖర్ గారు స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటరుగా వచ్చారు. ఊళ్ళోనే కోర్టు పెట్టారు. 2007 జులై 31న తీర్పు: 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. 2014 ఏప్రిల్లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. అయినా అమ్మా, ఏళ్ళ తరబడి ఎదురుచూసిన ఆడవాళ్ళు తమ ఊళ్ళోనే బోనెక్కి, తాము కోరుకున్న ప్లీడరు ముందు నోరు తెరిచారు. దరఖాస్తు ప్లీడరే పెడతాడనుకోకు. ఒక్కోసారి నీ కోసం జనం పెడతారు.

ఇప్పుడు నా సంగతి. నేను ఎవరికీ చెప్పలా ఇన్నాళ్ళూ.

1987 ప్రాంతాల్లో, నేను ఏపీపీగా ఉన్నప్పుడు, పత్తికి తెల్లదోమ పట్టింది. ప్రకాశం, గుంటూరు చేలల్లో ఆకు జిగురెక్కి నల్లబడిపోయింది. ఒక మందు పనిచెయ్యలేదని ఇంకోటి, అదీ పనిచెయ్యలేదని రెండూ కలిపి కొట్టారు. అప్పు మందుకొట్లోనే. ప్రకాశంలో పత్తి రైతులు ఆ మందే తాగి చనిపోయిన ఏడు అది. అప్పుడొక రైతు తువ్వాల్లో మందు డబ్బా చుట్టుకుని మా ఆఫీసు వరండాలో కూర్చున్నాడు. మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. "వాసన చూడండయ్యా, ఏమన్నా ఉందా?" అన్నాడు. ఘాటు లేదు.

ఆ మందు అమ్మిన కొట్లో శాంపిలు తీశారు. పురుగుమందుల చట్టం ప్రకారం దాన్ని మూడు భాగాలు చేసి సీలు వేస్తారు. కొట్టువాడికి ఒకటి, పరీక్షకి ఒకటి, కోర్టుకి ఒకటి. రిపోర్టు తప్పని కొట్టువాడు 28 రోజుల్లో తెలిపితే, కోర్టులో ఉన్న భాగం ఫరీదాబాదు కేంద్ర ప్రయోగశాలకి పంపమని అడగొచ్చు. దాని మాటే ఆఖరు. మందు నాసిరకమని మొదటి రిపోర్టొచ్చింది. ఫైలు నా సలహాకొచ్చింది. డబ్బా గడువు తీరడానికి ఇంకా పదిహేను రోజులుంది. నా బల్ల మీద ఆ ఫైలు నెల ఉంది. పెద్ద కేసులున్నయ్, తర్వాత చూద్దామనుకున్నా. తేదీ చూడలా.

కోర్టులో కొట్టువాడి ప్లీడరు లేచి ఒక్కటే అడిగాడు. "గడువు తీరిన మందుని ఇప్పుడు పరీక్షకి పంపితే ఏం తేలుద్ది? మా హక్కు పోయింది గదా?" న్యాయమైన మాట. కేసు కొట్టేశారు.

ఆ రైతు సాక్షిగా మూడు వాయిదాలకి వచ్చాడు. తీర్పయ్యాక నన్ను తిడతాడేమోనని పక్క గుమ్మంలోంచి పోబోయా. పరిగెత్తుకొచ్చి, "అయ్యా, సాక్షి బత్తా ఇస్తారంట గదా, బస్సుకి చాలట్లేదు" అన్నాడు. మూడు వాయిదాలకీ ఒక్కసారి కూడా అడగలా అతను. నేనూ అడగలా, తిన్నావా అని గానీ ఎట్టా వచ్చావని గానీ. గుమాస్తాని పిలిచి బత్తా కాయితం నేనే రాయించి, మేజిస్ట్రేటు గారి సంతకం పెట్టించి, డబ్బులు చేతిలో పెట్టా. లెక్కపెట్టుకుని, తువ్వాలు కొసకి ముడేసుకుని పోయాడు.

రిటైరయ్యేదాకా రెండు పనులు మానలా. ఫైలు రాగానే ముందు తేదీలు చూసేవాణ్ణి. కోర్టు మొదలయ్యేలోపు వరండాలో సాక్షుల దగ్గరకి పోయి బత్తా ముట్టిందా అని అడిగేవాణ్ణి.

అదిగో, మంట తగ్గుతుంది. తెల్లారాక పట్టాలు తీసి కాయలు తిరగెయ్యాలి, ఎండ రాకముందే. తర్వాత కూర్చుని దరఖాస్తు నింపు. నీ కేసుల పట్టికలో ఓడినవి కూడా ఉన్నయ్యా? ఒకసారి చదువు, వింటా.