ఆర్డ్‌మోర్ నుంచి గుంటూరుకు

నేను పుట్టింది గుంటూరు కుగ్లర్ ఆస్పత్రిలో. మా వీధిలో సగం మందికి పురుడు పోసింది అక్కడే. బ్రాడీ ఎవరో, అరండేల్ ఎవరో తెలియకుండానే బ్రాడీపేట, అరండల్‌పేట అన్నట్టు, కుగ్లర్ కూడా ఊళ్లో ఒక చోటు పేరే అనుకునేదాన్ని. అది ఒక మనిషి పేరని, ఆవిడ డాక్టరని తెలిసింది సముద్రాలు దాటి ఇక్కడికి వచ్చాకే. ఫిలడెల్ఫియా శివార్లలో ఇల్లు తీసుకున్నాం. నేను రోజూ ఆఫీసుకు రైలెక్కే స్టేషన్ పేరు ఆర్డ్‌మోర్. అన్నా సారా కుగ్లర్ 1856లో పుట్టింది ఈ ఊళ్లోనే.

ఆర్డ్‌మోర్ తర్వాత స్టేషన్ హావర్‌ఫర్డ్. ఆ తర్వాతది బ్రిన్ మార్. కిందటేడు మా అమ్మాయి బ్రిన్ మార్ కాలేజీలో చేరింది. అది ఆడపిల్లల కాలేజీ. ఫోనులో ఆ మాట చెప్పగానే గుంటూరులో మా పిన్ని సంబరపడిపోయింది. "మంచి పని చేశావే. ఆ దేశంలో పిల్లని కాపాడుకోవడం మాటలా! గేటూ గోడా ఉన్నచోట వేశావు, ఇక నిశ్చింత" అంది.

పిన్ని సంతోషం చెడగొట్టడం ఇష్టంలేక ఊరుకున్నాను. పక్కనున్న హావర్‌ఫర్డ్ కాలేజీ మగపిల్లలు ఇక్కడికొచ్చి క్లాసుల్లో కూర్చుంటారు. మావాళ్లు అక్కడికి వెళ్లి కూర్చుంటారు. మరి ఆడపిల్లల కాలేజీ అన్న పేరెందుకు, అందులో లాభమేమిటి అంటే ఫిలడెల్ఫియా కథ కొంచెం చెప్పుకోవాలి.

ఈ దేశంలో వైద్యపట్టా పుచ్చుకున్న మొదటి మహిళ ఎలిజబెత్ బ్లాక్‌వెల్. 1849లో న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవా అనే చిన్న ఊరి కాలేజీ ఆమెకు పట్టా ఇచ్చింది. ఇచ్చి, నాలుక కరుచుకుంది. కొన్నాళ్లకు ఆమె చెల్లెలు ఎమిలీ వెళ్లి అడిగితే కుదరదు పొమ్మంది. అలాంటి రోజుల్లో, 1850లో, ఫిలడెల్ఫియాలో ఆడవాళ్ల కోసమే ఒక మెడికల్ కాలేజీ వెలిసింది. దాని వెనక ఉన్నవాళ్లలో చాలామంది క్వేకర్లు. ప్రార్థన సభలో ఆడది లేచి మాట్లాడితే తప్పులేదని మొదటినుంచీ నమ్మిన క్రైస్తవ శాఖ వాళ్లది.

కాలేజీ పెట్టడం ఒక ఎత్తు, నిలబెట్టడం ఒక ఎత్తు. ఇక్కడ చదువు చెప్పే డాక్టర్లతో గానీ, ఇక్కడ చదివి బయటికొచ్చిన ఆడ డాక్టర్లతో గానీ సంబంధం పెట్టుకోకూడదని 1858లో ఊళ్లోని వైద్యుల సంఘం తీర్మానించింది. పుస్తకాలు ఎంత చదివినా రోగిని ముట్టుకోకుండా డాక్టరు ఎలా అవుతారు? మొదటి బ్యాచ్‌లో పట్టా తీసుకున్న ఆన్ ప్రెస్టన్ పూనుకుని 1861లో ఆడవాళ్లకే ఒక ఆస్పత్రి పెట్టించింది. ఆ తర్వాత ఆవిడే కాలేజీ డీన్ అయింది. 1869 నవంబరు 6న ఆవిడ విద్యార్థినులు మొదటిసారి పెన్సిల్వేనియా హాస్పిటల్‌లో పాఠం వినడానికి వెళ్లారు. అక్కడున్న మగ విద్యార్థులు ఈలలు వేశారు, కాగితపు ఉండలు విసిరారు, పొగాకు నమిలి వీళ్ల మీద ఉమ్మారు. వీళ్లు మాత్రం వెళ్లడం మానలేదు.

సరిగ్గా పదేళ్లకు, 1879లో, ఆ కాలేజీలోనే కుగ్లర్ డాక్టరయింది. 1883లో గుంటూరు చేరింది. నిజానికి లూథరన్ మిషన్ ఆవిడను డాక్టరుగా పంపలేదు. వైద్యం పని తలకెత్తుకోవడానికి మిషన్ అప్పటికింకా సిద్ధంగా లేదు. ఊళ్లో ఆడవాళ్లేమో మగ డాక్టరుకు చెయ్యి చూపించరు. ఆ పరిస్థితిలో ఆవిడ ఊరుకోలేకపోయింది. రోగుల్ని చూడటం మొదలుపెట్టి, పోగుచేసిన డబ్బుతో 1898 నాటికి ఆస్పత్రి నిలబెట్టింది. 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. మన దేశం నుంచి వచ్చిన ఆనందీబాయి జోషి 1886లో పట్టా తీసుకున్నదీ ఆ కాలేజీలోనే. నల్లజాతి డాక్టరు రెబెకా కోల్ 1867లో, ఒమాహా తెగకు చెందిన సుజాన్ లా ఫ్లెష్ 1889లో బయటికొచ్చిందీ అక్కడినుంచే.

ఇక బ్రిన్ మార్ సంగతి. 1873లో హార్వర్డ్ డాక్టరు ఎడ్వర్డ్ క్లార్క్ ఒక పుస్తకం రాశాడు. ఆడపిల్లలు మగపిల్లలతో సమానంగా చదివితే రక్తమంతా మెదడుకే ఖర్చయి గర్భాశయం ఎండిపోతుందన్నది అందులో సారాంశం. అది విరగబడి అమ్ముడుపోయింది. ఆ భయం నడుమ పెరిగిన క్వేకర్ పిల్ల కేరీ థామస్. కార్నెల్‌లో డిగ్రీ చేసి జాన్స్ హాప్కిన్స్‌కు వెళితే, చేర్చుకున్నారు గానీ మగవాళ్లతో క్లాసులో కూర్చోనివ్వలేదు. జర్మనీ వెళ్లింది. లైప్‌జిగ్‌లో పాఠాలు విననిచ్చారు, పట్టా మాత్రం ఇవ్వం అన్నారు. చివరికి 1882లో జ్యూరిక్‌లో డాక్టరేటు, అదీ అత్యున్నత శ్రేణిలో, తీసుకుని తిరిగొచ్చింది. 1885లో బ్రిన్ మార్ తెరిస్తే మొదటి డీన్ ఆవిడే. తనను ఊళ్లు తిప్పిన పీహెచ్‌డీని ఆడపిల్లల కాలేజీలోనే పెట్టింది.

దాని ఫలం యాభై ఏళ్లకు కనిపించింది. గణితంలో మహామేధావి ఎమ్మీ నోథర్ జర్మనీలో ఏళ్ల తరబడి జీతం లేకుండా, మరో ప్రొఫెసర్ పేరు మీద పాఠాలు చెప్పింది. 1933లో నాజీలు యూదురాలని వెళ్లగొట్టారు. ఆవిడకు చోటిచ్చింది బ్రిన్ మార్. అక్కడ గణిత శాఖను నడుపుతున్నది అన్నా పెల్ వీలర్ అనే మరో మహిళ. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం ఆడపిల్లల్ని డిగ్రీలో చేర్చుకోవడానికి 1969 దాకా ఆగింది. ఇక్కడేమో 1933 నాటికే పాఠం చెప్పేదీ, వినేదీ, శాఖను నడిపేదీ ఆడవాళ్లే. 1935లో నోథర్ పోయాక ఆవిడ అస్థికలను పాత లైబ్రరీ లోపలి వరండా కింద ఉంచారు. మా అమ్మాయిని దింపడానికి వెళ్లిన రోజు మేమిద్దరం అక్కడ కాసేపు నిలబడ్డాం.

ఆ లైబ్రరీకి మొన్నమొన్నటిదాకా కేరీ థామస్ పేరే ఉండేది. ఇప్పుడు తీసేశారు. ఆవిడ తలుపు తెరిచింది తెల్లవాళ్లకు మాత్రమే. యూదుల్ని అధ్యాపకులుగా రానివ్వడానికి కూడా ఇష్టపడేది కాదు. ఈ కాలేజీలో మొదటి నల్లజాతి పట్టభద్రురాలు ఎనిడ్ కుక్ బయటికొచ్చేసరికి 1931 అయింది. ఆడవాళ్ల చోటు అన్నంత మాత్రాన అందరు ఆడవాళ్ల చోటూ అయిపోదు.

ప్రయివేటు కాలేజీల సంగతి అటుంచి, ఫిలడెల్ఫియాలో 1848 నుంచీ సర్కారు గర్ల్స్ హైస్కూలు ఒకటుంది. మగపిల్లలకు సెంట్రల్ హైస్కూలు ఉండేది. సెంట్రల్‌లో చదవాలని 1970లలో ఒక అమ్మాయి కోర్టుకెక్కింది. 1977లో సుప్రీంకోర్టు నాలుగుకు నాలుగుగా చీలడంతో కింది తీర్పు నిలిచి ఆమె ఓడిపోయింది. 1983లో మరో కేసులో రాష్ట్ర కోర్టు సెంట్రల్ తలుపు తెరిపించింది. సెంట్రల్‌లో సైన్సు సదుపాయాలు, నిధులు మెరుగని ఆ కేసులో తేలింది. విడివిడిగా పెట్టినప్పుడు ఎవరి వాటా తగ్గుతుందో మనకూ తెలిసిందే.

మరి లాభం నిజమేనా? 21 దేశాల్లో 16 లక్షల మంది విద్యార్థుల మీద జరిగిన 184 అధ్యయనాలను కలిపి 2014లో లెక్కచూశారు. పద్ధతిగా చేసిన అధ్యయనాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది. మంచి స్కూళ్లు మంచి పిల్లల్ని ఏరుకోవడమే చాలా చోట్ల అసలు కారణం. సియోల్‌లో మాత్రం అప్పట్లో పిల్లల్ని లాటరీలో స్కూళ్లకు పంచేవారు కాబట్టి అక్కడి లెక్కకు విలువ ఎక్కువ. అక్కడ విడి స్కూళ్ల పిల్లలకు, ఆడా మగా ఇద్దరికీ, కాలేజీ ప్రవేశ పరీక్షలో కొంత మేలు కనిపించింది. రెండూ చదివాక నాకు తోచింది ఒకటే. మగపిల్లలు పక్కన లేకపోవడం దానికదే పిల్లకు ఏమీ ఇవ్వదు. ల్యాబులో పరికరం తనే తిప్పడం, విద్యార్థి సంఘానికి అధ్యక్షురాలు తప్పకుండా ఒక అమ్మాయే కావడం, ఫిజిక్సు చెప్పే ప్రొఫెసర్ ఆడమనిషి కావడం ఏమైనా ఇస్తే ఇస్తాయి. 1960 ప్రాంతంలో ఈ దేశంలో రెండు వందలకు పైగా ఉన్న మహిళా కాలేజీలు ఇప్పుడు నలభై లోపే. కుగ్లర్ చదివిన కాలేజీ కూడా 1970లో మగవాళ్లను చేర్చుకుంది. మిగిలినవాటిలో బలంగా ఉన్నవి గోడల వల్ల మిగల్లేదు.

మనకూ ఇప్పుడు విశ్వవిద్యాలయంగా మారిన కోఠీ విమెన్స్ కాలేజీ ఉంది, తిరుపతిలో 1983లో పెట్టిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది. ఊరూరా ఇంటర్ కాలేజీలున్నాయి. మా పిన్ని లాంటి పెద్దవాళ్లు భయపడకుండా పంపిస్తారు కాబట్టే లక్షల మంది ఆడపిల్లలు చదువుకుంటున్నారు. దాన్ని తీసిపారేయను. అయితే ఈసారి అమ్మాయిని చేర్చడానికి వెళ్లినప్పుడు హాస్టల్ గేటు ఎన్నింటికి మూస్తారో ఎలాగూ అడుగుతారు కదా, దానితోపాటు ల్యాబూ లైబ్రరీ ఎన్నింటిదాకా తెరిచి ఉంచుతారో కూడా అడగండి.