స్టూడెంట్ ఎక్స్ఛేంజ్: స్కూల్ పిల్లలు ఫారిన్ వెళ్లి చదవొచ్చా? ఖర్చెవరిది? రూల్స్ ఏంటి?

అమెరికా చదువు అనగానే మనోళ్లకు ముందు గుర్తొచ్చేది ఎమ్మెస్. బీటెక్ అవగానే విమానం ఎక్కడం తెలిసిందే. కానీ స్కూల్ వయసులోనే ఏడాది పాటు అక్కడి బడిలో చదివి, తిరిగి వచ్చే అవకాశం కూడా ఉంది. అదే స్టూడెంట్ ఎక్స్ఛేంజ్. ఇది అమెరికాలో సెటిల్ అవ్వడానికి షార్ట్‌కట్ కాదు. ఈ ఒక్క విషయం తెలియకపోతే డబ్బుతో పాటు పిల్లల చదువుకూ ఇబ్బందే.

ఎలా మొదలైంది?

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో గాయపడిన సైనికులను అంబులెన్సుల్లో తరలించేందుకు అమెరికన్ వాలంటీర్లు 1915లో ఏఎఫ్ఎస్ సంస్థను ఏర్పాటు చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలోనూ ఇదే పని చేశారు. పరాయి దేశం ఇంట్లో భోంచేసిన పిల్లలు రేపు ఆ దేశాన్ని శత్రువుగా చూడరన్నది వాళ్ల నమ్మకం. అందుకే 1947లో పది దేశాల నుంచి 52 మంది విద్యార్థులను అమెరికాకు రప్పించారు. గ్లోబల్ సిటిజన్‌షిప్ అంటే ఇదే. పాస్‌పోర్ట్ మారదు, చూపు మారుతుంది. మన జాతీయ విద్యా విధానం 2020 కూడా ఈ తరహా విద్య అవసరమని చెప్పింది.

ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

రెండు రకాలున్నాయి. మొదటిది ఫీజు కట్టి వెళ్లేది. ఇది లక్షల్లో ఉంటుంది. రెండోది స్కాలర్‌షిప్. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత 2002లో అమెరికా ప్రభుత్వం కెన్నెడీ-లూగర్ 'యెస్' ప్రోగ్రామ్ తెచ్చింది. ముస్లిం జనాభా గణనీయంగా ఉన్న దేశాల విద్యార్థుల కోసం పెట్టిన ఈ పథకంలో భారత్ కూడా ఉంది. ఎంపికైతే విమాన టికెట్లు, హెల్త్ ఇన్సూరెన్స్, నెలనెలా కొంత స్టైపెండ్ ఇస్తారు. నిధులు అమెరికా ప్రభుత్వానివే కాబట్టి ఏటా నోటిఫికేషన్ చూసుకోవాల్సిందే.

చుట్టాలింట్లో ఉంటామంటే కుదరదు

ఎక్స్ఛేంజ్ విద్యార్థులకు ఇచ్చేది జే-1 వీసా. దీని రూల్స్ కచ్చితంగా ఉంటాయి.

- డాలస్‌లో బాబాయి ఉన్నాడు, అక్కడే ఉంటాడంటే ఒప్పుకోరు. బంధువుల ఇంట్లో పెట్టడం నిషేధం.
- విద్యార్థి ఉండేది 'హోస్ట్ ఫ్యామిలీ'తో. ఆ కుటుంబానికి జీతం ఉండదు. ఆ ఇంట్లో 18 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరి నేర చరిత్ర ముందే చెక్ చేస్తారు.
- స్థానిక కోఆర్డినేటర్ ఉండే చోటు నుంచి 120 మైళ్లలోపే ఆ ఇల్లు ఉండాలి. ఆయన కనీసం నెలకోసారి విద్యార్థితో మాట్లాడాలి.
- ఫుల్‌టైమ్ ఉద్యోగం చేయకూడదు.
- అమెరికా ప్రభుత్వ డబ్బుతో వెళ్లినవారు రెండేళ్లు సొంత దేశంలో ఉంటేనే ఆ తర్వాత హెచ్-1బీ, గ్రీన్ కార్డుకు అర్హులు. మినహాయింపు వస్తే తప్ప ఈ షరతు పోదు. పై చదువుల స్టూడెంట్ వీసాకు మాత్రం ఇది అడ్డు కాదు.

సర్కారు బడి పిల్లలకూ దారి ఉంది

జపాన్ 2014లో మొదలుపెట్టిన సకురా సైన్స్ ప్రోగ్రామ్‌లో భారత్ 2016లో చేరింది. వారం రోజుల టూర్, పైసా ఖర్చు లేదు. ఇన్‌స్పైర్ మానక్‌లో మంచి ఐడియా ఇచ్చిన విద్యార్థికి రూ.10,000 వస్తాయి. జాతీయ స్థాయిలో గెలిచినవారికి జపాన్ వెళ్లే ఛాన్స్ ఉంటుంది. 2023 సెప్టెంబర్‌లో ఏపీ ప్రభుత్వ బడుల నుంచి 10 మంది విద్యార్థులు న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యాలయానికి వెళ్లొచ్చారు.

ఫీజు కట్టే ముందు ఇవి అడగండి

అక్కడి స్కూల్ డిప్లొమా ఇస్తుందన్న గ్యారంటీ లేదు. తిరిగొచ్చాక ఏ క్లాసులో చేర్చుకుంటారో మన బోర్డును, స్కూల్‌ను ముందే అడిగి, రాతపూర్వకంగా తీసుకోవాలి. లేదంటే ఒక ఏడాది పోయినట్టే. ఏజెన్సీ పేరు అమెరికా విదేశాంగ శాఖ గుర్తించిన స్పాన్సర్ల జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. 'జే-1పై వెళ్తే అక్కడే ఉండిపోవచ్చు' అని ఎవరైనా చెబితే మాత్రం చెక్కు రాయకుండా లేచి వచ్చేయడమే మంచిది.