ఉబుంటు ఎవరి కోసం: సర్వర్ల కోసమా, ఇంట్లో లాప్‌టాప్ కోసమా?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ వారంలోనే గుంటూరు నుంచి మా నాన్నగారు ఫోన్ చేసి, "లాప్‌టాప్ బాగానే పనిచేస్తోందిరా, కొత్తది కొనమని మాత్రం రోజూ పోరుతోంది" అన్నారు. మీలో చాలామందికి ఇలాంటి ఫోన్ వచ్చే ఉంటుంది. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 చిప్పు, కొత్త ప్రాసెసర్ లేని మెషీన్లకు మిగిలిన దారుల్లో ఒకటి లినక్స్. అయితే లినక్స్ తయారుచేసేవాళ్ల కళ్ల ముందు మా నాన్నగారిలాంటి వాళ్లు ఉన్నారా, లేక డేటా సెంటర్లే ఉన్నాయా? ఇది చాలా పాత తగాదా. ఇందులో పెద్ద అధ్యాయం మనముండే ఈ దేశంలోనే, లండన్‌లోనే నడిచింది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ఒకటో నంబరు బగ్

దక్షిణాఫ్రికాలో పుట్టిన మార్క్ షటిల్‌వర్త్ 1999లో తన కంపెనీని వెరిసైన్‌కు అమ్మాడు. 2002లో సొంత ఖర్చుతో అంతరిక్షానికి వెళ్లి వచ్చాడు. 2004లో కనోనికల్ అనే సంస్థ పెట్టాడు. మొదట్లో దాని ఆఫీసు థేమ్స్ ఒడ్డున మిల్‌బ్యాంక్ టవర్‌లో ఉండేది. డెబియన్ అనే గట్టి పునాది మీద మామూలు మనుషులు వాడుకోగల లినక్స్ కట్టాలన్నది ఆలోచన. అదే ఉబుంటు. మొదటి విడుదల 4.10, 2004 అక్టోబర్‌లో వచ్చింది. అంతకు రెండు నెలల ముందే షటిల్‌వర్త్ బగ్గుల పట్టికలో ఒకటో నంబరు బగ్ స్వయంగా నమోదు చేశాడు: మార్కెట్లో ఎక్కువ వాటా మైక్రోసాఫ్ట్‌ది కావడమే ఆ బగ్! గురి ఎక్కడుందో వేరే చెప్పక్కర్లేదు.

అడిగినవాళ్లకు ఏ దేశానికైనా సీడీలు ఉచితంగా పోస్టులో పంపేవారు. నేను ఇంజనీరింగ్ చదివే రోజుల్లో మా హాస్టల్‌కు అలాంటి కవరొకటి వచ్చింది. మా నెట్ స్పీడుకు 700 ఎంబీ దించుకోవడం కలలో మాట. ఆ ఒక్క సీడీ ఎన్ని గదులు తిరిగిందో లెక్కలేదు. 2011లో ఆ పథకం ఆపేశారు.

కానీ సీడీ తెచ్చుకున్న మాలాంటివాళ్లెవరూ పైసా కట్టలేదు. డబ్బు కట్టేది సర్వర్లు నడిపే కంపెనీలు. 2006లో వచ్చిన 6.06తో దీర్ఘకాల సపోర్టు మొదలుపెట్టినప్పుడు డెస్క్‌టాప్‌కు 3 ఏళ్లు, సర్వర్‌కు 5 ఏళ్లు అన్నారు. ఆ తేడా పోయి రెండింటికీ 5 ఏళ్లు రావడానికి 2012 దాకా పట్టింది. రెడ్‌హ్యాట్ ఈ లెక్క ఇంకా ముందే తేల్చుకుంది. అందరూ వాడే రెడ్‌హ్యాట్ లినక్స్‌ను ఆపేసి, కంపెనీలకు ఎంటర్‌ప్రైజ్ లినక్స్, మిగతావాళ్లకు ఫెడోరా అని 2003లోనే విడదీసింది. 2019లో ఐబీఎం ఆ కంపెనీని 3,400 కోట్ల డాలర్లకు కొన్నది కూడా ఎవరి డెస్క్‌టాప్‌నో చూసి కాదు.

ఈ ఊళ్లో సర్వర్ల వైపు ఏం జరిగిందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. లండన్ స్టాక్ ఎక్స్ఛేంజ్ తన ట్రేడింగ్‌ను మైక్రోసాఫ్ట్ టెక్నాలజీతో కట్టిన పాత సిస్టమ్ నుంచి, శ్రీలంకకు చెందిన మిలీనియంఐటీ తయారుచేసిన లినక్స్ సిస్టమ్‌కు 2011 ఫిబ్రవరిలో మార్చుకుంది. 2017 నవంబర్ నుంచి ప్రపంచంలోని టాప్ 500 సూపర్ కంప్యూటర్లన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి. డెస్క్‌టాప్‌లో మాత్రం 2024లో స్టాట్‌కౌంటర్ లెక్క 4 శాతం దాటిందని పండగ చేసుకున్నాం.

కనోనికల్ ఊరికే చేతులెత్తేయలేదు. 2011లో యూనిటీ అనే కొత్త డెస్క్‌టాప్ తెచ్చింది. 2013లో ఉబుంటు ఎడ్జ్ ఫోన్ కోసం 3.2 కోట్ల డాలర్ల చందాలు అడిగితే దాదాపు 1.28 కోట్లకే హామీలు వచ్చాయి. ఫోన్ తయారుకాలేదు. ఒకటో నంబరు బగ్‌ను మూసేసింది కూడా ఆ ఏడాదే. ఫోన్లు, టాబ్లెట్లు వచ్చి లెక్కే మారిపోయిందని కారణం చెప్పారు. చివరికి 2017 ఏప్రిల్ 5న షటిల్‌వర్త్ యూనిటీనీ, ఫోన్‌నూ వదిలేస్తున్నట్టు ప్రకటించాడు. డెస్క్‌టాప్ ఉంటుంది కానీ గ్నోమ్‌తో నడుస్తుంది, పెట్టుబడి క్లౌడ్ మీద, చిన్న పరికరాల మీద అన్నది దాని సారాంశం.

పెళ్లి వంట, టిఫిన్ సెంటర్

తగాదా డబ్బు దగ్గరే ఆగదు, కెర్నెల్ లోపలా ఉంది. పెళ్లి వంటవాణ్ని ఊహించుకోండి. ఐదొందల మందికి వండేటప్పుడు మధ్యలో ఎవరో వచ్చి "ఒక కాఫీ" అంటే గరిటె వదలడు, వదిలితే పని చెడుతుంది. టిఫిన్ సెంటర్‌లో అలా కుదరదు. వచ్చినవాడికి రెండు నిమిషాల్లో ఇడ్లీ పడాలి. సర్వర్‌కు మొత్తం ఎంత పని తెమిలిందన్నది ముఖ్యం. డెస్క్‌టాప్‌కు మౌస్ కదిపిన వెంటనే బాణం కదలడం ముఖ్యం. అందుకే నడుస్తున్న పనిని మధ్యలో ఆపవచ్చా లేదా అన్న కెర్నెల్ ఎంపికల పేర్లలోనే సర్వర్, డెస్క్‌టాప్ అని రాసి ఉండేది. ఉబుంటులో 12.04 దాకా సర్వర్‌కు వేరే కెర్నెల్ ఉండేది. తర్వాత రెండూ కలిపేశారు.

ఆస్ట్రేలియాలో మత్తు డాక్టరుగా పనిచేసే కాన్ కొలివాస్ ఖాళీ సమయాల్లో డెస్క్‌టాప్ చురుగ్గా ఉండేలా షెడ్యూలర్ రాసేవాడు. 2007లో లినక్స్ పెద్దలు దాని బదులు ఇంగో మోల్నార్ రాసిన సీఎఫ్ఎస్‌ను తీసుకున్నారు. కెర్నెల్‌కు మామూలు వాడకందారు గోడు పట్టదని కొలివాస్ విసిగి తప్పుకున్నాడు. నిజానికి సీఎఫ్ఎస్‌లోని న్యాయంగా పంచే ఆలోచనకు అతని పనే దారి చూపింది. 2021లో వచ్చిన 5.12 కెర్నెల్ నుంచి ఆపే పద్ధతిని బూట్ చేసేటప్పుడే ఎంచుకోవచ్చు. అంటే కెర్నెల్ వరకు తగాదా చాలావరకు చల్లారినట్టే. మిగిలిందల్లా డిఫాల్ట్ ఏది ఉండాలన్నదే.

తెలుగు మాట

పగలంతా సర్వర్ల మీద పనిచేసి జీతం తీసుకునేవాణ్నే అయినా, డిఫాల్ట్ డెస్క్‌టాప్‌దే కావాలంటాను. సర్వర్ నడిపేవాడికి సెట్టింగ్ మార్చుకోవడం వచ్చు, అది వాడి ఉద్యోగం. మా నాన్నగారికి రాదు, రానక్కర్లేదు. ఇంకో కారణం తెలుగు. సర్వర్‌కు "స్త్రీ" అన్న అక్షరం బైట్ల వరస మాత్రమే. దాని ఒత్తులు విరిగి పక్కన పడ్డాయా లేదా అన్నది తెర ముందు కూర్చున్నవాడికే కనిపిస్తుంది. పాత లినక్స్‌లలో పడేవి కూడా. తిరుమల కృష్ణ దేశికాచారి గారి పోతన, వేమన ఫాంట్లు, రెడ్‌హ్యాట్ విడుదల చేసిన లోహిత్ తెలుగు, అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్, హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ చేసిన అనువాదాలు కలిసి ఆ పరిస్థితి మార్చాయి. లోహిత్‌కు ఖర్చు పెట్టింది సర్వర్ల మీద బతికే కంపెనీ అన్నదీ మరిచిపోకూడదు. డబ్బు అటునుంచి రావడం నాకు అభ్యంతరం కాదు. తెర ముందు మనిషిని ఆఖర్న తలుచుకోవడమే అభ్యంతరం.

డిసెంబర్‌లో గుంటూరు వెళ్లినప్పుడు నాన్నగారి లాప్‌టాప్‌లో ఉబుంటు 24.04 వేశాను. ముందు యూఎస్‌బీ నుంచే నడిపి వైఫై, ప్రింటర్ చూసుకున్నాక హార్డ్ డిస్క్ మీద వేయడం మంచిది. ఫైళ్లన్నీ వేరేచోట దాచుకోవడం అంతకంటే ముందు పని. దీనికి సపోర్టు 2029 దాకా ఉంది. ఉబుంటు ప్రోలో చేరితే ఇంకా ఎక్కువ, సొంత వాడకానికి 5 కంప్యూటర్ల వరకు ఉచితం. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కూడా పెట్టి వచ్చాను. స్కానర్‌కు మాత్రం దాన్ని తయారుచేసిన కంపెనీ లినక్స్ డ్రైవర్ ఇవ్వలేదు, అది అటకెక్కింది. మొన్న నాన్నగారు మళ్లీ ఫోన్ చేశారు. కొత్త లాప్‌టాప్ మాట ఎత్తలేదు.

"ఒరేయ్, క కింద ఒత్తు పెట్టాలంటే ఏది నొక్కాలిరా?"

"కె తర్వాత డి నొక్కండి నాన్నగారూ, ఆ తర్వాత ఒత్తు కావలసిన అక్షరం."