పాత కెర్నెల్‌ను పారేయకండి

ఆవకాయ సీసా కొనుక్కుంటే పని తేలికే. కానీ కారం, ఉప్పు, ఆవపిండి పాళ్ళు మన చేతిలో ఉండవు. లినక్స్ కెర్నెల్‌ను సోర్సు నుంచి సొంతంగా కట్టుకోవడం ఇంట్లో ఆవకాయ పెట్టుకోవడం లాంటిది.

కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టంకు గుండెకాయ. మెమరీని, డిస్కును, ప్రాసెసరును ప్రోగ్రాములకు పంచిపెట్టేది అదే. 1991 ఆగస్టు 25న హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, సరదాకి ఒక ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నానని ప్రకటించాడు. అప్పటికి అతనికి 21 ఏళ్ళు. సెప్టెంబరులో వచ్చిన 0.01 సుమారు 10,000 వరుసలు. దాన్ని కంపైల్ చేయడానికి ఆండ్రూ టానెన్‌బామ్ రాసిన మినిక్స్ కావాలి. కంపైలరేమో రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టిన గ్నూ ప్రాజెక్టుది. అంటే లినక్స్ తొలి వంట ఇరుగుపొరుగు గిన్నెలతోనే జరిగింది!

1992లో లైనస్ దాన్ని జీపీఎల్ లైసెన్సు కిందికి తెచ్చాడు. ఆవకాయ ఎవరికైనా పంచితే పాళ్ళు కూడా చెప్పాలన్నదే ఆ లైసెన్సు సారాంశం. 1994 మార్చి 14న 1.0 వచ్చేసరికి వరుసలు 1,76,250 అయ్యాయి.

2001లో నేను ఇంజనీరింగు చివరి సంవత్సరంలో ఉన్నాను. ముగ్గురం కలిసి కొన్న పాత పెంటియం కంప్యూటరులో సౌండు పలికేది కాదు. ఆ జనవరిలోనే 2.4 కెర్నెల్ విడుదలైంది. ‘మేక్ మెనూకాన్ఫిగ్’ కొట్టి, కావలసిన డ్రైవర్లు ఎంచుకుని, ‘మేక్ డెప్’, ‘మేక్ బీజడ్ఇమేజ్’, ‘మేక్ మాడ్యూల్స్’ ఒకదాని తర్వాత ఒకటి నడిపాను. కరెంటు పోకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ గంటకు పైగా కూర్చున్నాను. చివరికి పాత కెర్నెల్ ఫైలు మీదే కొత్తది కాపీ చేసి రీబూట్ చేశాను.

‘లోడింగ్’ అన్న మాట పక్కన నాలుగు చుక్కలు పడి ఆగిపోయింది. ముగ్గురి ప్రాజెక్టూ అందులోనే ఉంది. వైవా వారంలో!

అప్పట్లో కెర్నెల్‌ను లేపే ‘లిలో’, అది డిస్కులో ఏ గడిలో ఉందో ముందే రాసిపెట్టుకునేది. ఫైలు మారిస్తే లిలోను మళ్ళీ నడపాలి. లేకపోతే ఇల్లు మారిన చుట్టం కోసం పాత చిరునామాకు వెళ్ళినట్టే. నేను నడపలేదు. పక్క గది సీనియరు ఇన్‌స్టలేషన్ సీడీతో బూట్ చేసి, లిలోను నడిపి బతికించాడు. "కొత్తది నిలబడేదాకా పాతదాన్ని ఉంచాలిరా!" అని చీవాట్లు పెట్టి, మెనూలో రెండు కెర్నెళ్ళు ఎలా పెట్టుకోవాలో చూపించాడు.

తర్వాత లిలో స్థానంలో ఫైలును తానే వెతుక్కోగల గ్రబ్ వచ్చింది. 2005లో కెర్నెల్ కోసమే లైనస్ గిట్‌ను రాశాడు. సోర్సు 3 కోట్ల వరుసలు దాటింది. 2017 నవంబరు నాటికి ప్రపంచంలోని అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్లన్నీ లినక్స్ మీదే నడిచాయి. మీ జేబులోని ఆండ్రాయిడ్ ఫోనులోనూ ఉన్నది ఈ కెర్నెలే. ఉబుంటు, ఫెడోరా వంటివి కొత్త కెర్నెల్ వేసినా వెనువెంటనే పాతదాన్ని తీసేయవు. మా సీనియరు మాట వాటికీ తెలుసన్నమాట.

ఇక్కడే అమెరికాలో పుట్టి పెరిగిన మా అబ్బాయితో కలిసి మొన్న మళ్ళీ ఒక కెర్నెల్ కట్టాను. "నాన్నా, కొత్తది బాగానే పనిచేస్తోందిగా, పాతది తీసేద్దామా?" అన్నాడు.

"ఉండనీరా, అదేమీ అడ్డు రాదు" అన్నాను.