పరిమిత లైసెన్సు, పాత క్రూయిజరు

కొత్తగా మోటారు సైకిలు నేర్చుకున్నవారి చేతికి కొంతకాలం పాటు పెద్ద బండి అందకుండా చట్టం వేసే అడ్డుకట్టను పరిమిత లైసెన్సు అంటారు. భారతదేశంలో ఇది లేదు. బ్రిటన్, జపాన్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, యూరప్ దేశాల్లో మాత్రం ఏదో ఒక రూపంలో దశాబ్దాలుగా ఉంది. బండి పెద్దదో చిన్నదో తేల్చడానికి మొదట సీసీలు కొలిచారు. తరవాత కిలోవాట్లు కొలిచారు. ఆ తరవాత బరువుకూ శక్తికీ ఉన్న నిష్పత్తి కట్టారు. కొలబద్ద మారిన ప్రతిసారీ కంపెనీలు దానికి సరిగ్గా ఇమిడే కొత్త బండ్లను దించాయి. వాటిలో ఎక్కువ చేతులు మారింది, ఎక్కువ కాలం నిలిచింది క్రూయిజరే. అందుకే ఆ దేశాల్లో సెకండ్ హ్యాండ్ క్రూయిజరు కొనడమంటే బండితో పాటు ఏ ఏటి చట్టానికి అది పుట్టిందో కూడా చూసుకోవడం.

ఈ కథ బ్రిటన్‌లో మొదలవుతుంది. 1950ల చివర అక్కడ తోలు కోట్ల కుర్రాళ్లు, రోడ్డు పక్క కాఫీ హోటళ్లు, వాటి మధ్య పందేలు, రోజూ ప్రమాదాల వార్తలు. 1961లో ప్రభుత్వం ఎల్ బోర్డు పెట్టుకున్నవారు 250 సీసీ దాటిన బండి నడపకూడదని నిబంధన తెచ్చింది. సైడ్‌కారు తగిలించిన బండికి మాత్రం ఆ హద్దు లేదు. దాంతో కొందరు పెద్ద బండికి పక్కన తొట్టి లేని ఉత్త ఇనుప చట్రం బిగించి, చట్టం మాట నెగ్గించి తమ పంతమూ నెగ్గించుకున్నారు. కంపెనీలు తీసుకున్న దారి వేరు. 250 సీసీలోనే ఎంత వేగం పిండవచ్చో చూశాయి. రెడిచ్ పట్టణంలోని రాయల్ ఎన్‌ఫీల్డ్ 1960ల నడుమ తెచ్చిన కాంటినెంటల్ జీటీ 250 సరిగ్గా ఈ ఎల్ బోర్డు కుర్రాళ్ల కోసం పుట్టిన బండి. 1978లో సుజుకి ఎక్స్7 వచ్చేసరికి నేర్చుకునేవాడి బండి గంటకు 100 మైళ్ల వేగం అందుకుంటుందన్న ప్రచారం మొదలైంది. సీసీలను కట్టడి చేస్తే వేగం కట్టడి అవుతుందన్న లెక్క అక్కడితో తప్పింది. 1983 ఫిబ్రవరి నుంచి హద్దును 125 సీసీకి, 12 హార్స్ పవరుకి దించారు. 250 సీసీ బండ్ల అమ్మకాలు బ్రిటన్‌లో కుప్పకూలాయి.

అప్పటికి క్రూయిజరు అనే జాతి ఇంకా పసిది. దాని మూలాలు అమెరికాలో ఉన్నాయి. 1969లో వచ్చిన ‘ఈజీ రైడర్’ సినిమా పొడవాటి ముందు ఫోర్కుల చాపర్ బండిని లోకానికి చూపింది. 1971లో హార్లీ డేవిడ్సన్ సూపర్ గ్లైడ్‌తో ఆ వాలకాన్ని ఫ్యాక్టరీలోనే తయారుచేసి అమ్మింది. జపాను కంపెనీలు వెంటపడ్డాయి. యమహా 1978లో ఎక్స్ఎస్650 స్పెషల్‌నూ 1981లో వీ ఆకారపు రెండు సిలిండర్ల విరాగో 750నూ తెచ్చింది. 1983లో అమెరికా ప్రభుత్వం హార్లీని కాపాడడానికి 700 సీసీ దాటిన దిగుమతి బండ్లపై భారీ సుంకం వేసింది. జపాను వాళ్లు వెంటనే ఇంజన్లను 699 సీసీకి కుదించారు. క్రూయిజరు ఇంజను కొలతను ఇంజనీరు కాక చట్టం నిర్ణయించడం అక్కడే మొదలైంది.

లైసెన్సు విషయంలో క్రూయిజరుకు దాని పుట్టుకే కలిసొచ్చింది. దానికి వేగం ముఖ్యం కాదు. ఇంజను తక్కువ భ్రమణాల దగ్గరే గట్టిగా లాగాలి, కూర్చున్నవాడికి నేల అందాలి, చూడడానికి బరువుగా ఉండాలి. శక్తి తక్కువై బరువు ఎక్కువైతే శక్తిని కొలిచే హద్దుల్లో ఇమడడం బండికి తేలిక. స్పోర్ట్ బండికి శాపమైన చట్టం క్రూయిజరుకు ఊతమైంది.

జపాన్‌లో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ 1975 నుంచి మామూలు లైసెన్సు 400 సీసీ దగ్గర ఆగిపోయేది. అంతకు మించిన బండి కావాలంటే లైసెన్సు కేంద్రంలో నేరుగా పరీక్షకు హాజరు కావాలి. అందులో నెగ్గేవారు అతి కొద్దిమంది. డ్రైవింగ్ స్కూలులోనే పెద్ద బండి నేర్చుకుని లైసెన్సు పొందే వీలు 1996లో గానీ రాలేదు. అమెరికా నుంచి వచ్చిన వాణిజ్య ఒత్తిడికి ఆ మార్పులో పాత్ర ఉంది. ఈ ఇరవయ్యేళ్లలో 400 సీసీ అనేది జపాన్‌లో ఒక ప్రత్యేక లోకంగా పెరిగింది. 1988లో హోండా స్టీడ్ 400 వచ్చింది. క్రూయిజర్లను అక్కడివారు ‘అమెరికన్’ అని పిలుచుకుంటారు. 1990లలో ఆ అమెరికన్ మోజుకు స్టీడే ముఖ్య పాత్ర. 1996లో యమహా డ్రాగ్ స్టార్ 400 వచ్చింది. ఇదే చట్రంలో 650 సీసీ ఇంజను పెట్టి, మరుసటి ఏడాది నుంచి విదేశాలకు ఎక్స్‌వీఎస్650 పేరుతో పంపారు. ఇంటికొక ఇంజను, బయటికొక ఇంజను. 250 సీసీ లోపు బండ్లకు జపాన్‌లో తప్పనిసరి తనిఖీ ఖర్చు కూడా లేదు. విరాగో 250, హోండా రెబెల్ 250 వంటివి ఆ తరగతికి చెందినవే.

ఈ రెండింటి గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. రెబెల్ 1985లో వచ్చింది. 234 సీసీ, పక్కపక్కన రెండు సిలిండర్లు, దాదాపు 140 కిలోల పొడి బరువు. అమెరికాలో కొత్తవారికి నేర్పే శిక్షణ మైదానాల్లో దశాబ్దాల పాటు ఇదే నడిచింది. 1988 నాటి విరాగో 250ది 249 సీసీ వీ ఇంజను, గాలితోనే చల్లబడుతుంది. సీటు ఎత్తు 685 మిల్లీమీటర్లు. పొట్టివాళ్లకూ రెండు కాళ్లూ నేలమీద ఆనతాయి. శక్తి సుమారు 21 హార్స్ పవరే కనుక హైవే మీద ఎదురుగాలి వీస్తే రొప్పుతుంది. అయినా ఇంజను మొండిది. చైను, నూనె, కార్బురేటరు ఈ మూడూ పట్టించుకుంటే చాలు.

యూరప్ సీసీల నుంచి కిలోవాట్లకు మారింది. 1991 నాటి యూరోపియన్ ఆదేశం ప్రకారం కొత్తవారు రెండేళ్ల పాటు 25 కిలోవాట్లు, అంటే 33 హార్స్ పవరు దాటకూడదు. బ్రిటన్‌లో ఇది 1997లో అమలైంది. అంతకన్నా పెద్ద బండి కొనుక్కున్నవారు కార్బురేటరుకూ ఇంజనుకూ మధ్య ఇరుకు రంధ్రమున్న వాషరు బిగించేవారు. ఇంజనుకు ఊపిరి తగ్గుతుంది, శక్తి హద్దులోకి వస్తుంది. యమహా విరాగో 535 శక్తి దాదాపు 46 హార్స్ పవరు కనుక దానికీ ఈ వాషరు తప్పలేదు. 2013 జనవరి 19 నుంచి కొత్త ఆదేశం అమల్లోకి వచ్చింది. ఏ2 అనే తరగతికి హద్దు 35 కిలోవాట్లు. కిలో బరువుకు 0.2 కిలోవాట్లు మించరాదు. శక్తి తగ్గించిన బండి అయితే దాని అసలు శక్తి, తగ్గించిన శక్తికి రెట్టింపు దాటరాదు. 35 కిలోవాట్లంటే 47 హార్స్ పవరుకు కాస్త తక్కువ. దాంతో నిన్నటిదాకా వాషరు లేనిదే కొత్తవారికి కుదరని విరాగో 535, ఇనుము ఒక్క గ్రాము మారకుండానే, వాషరు తీసేసి నడపదగిన బండి అయింది.

ఆస్ట్రేలియా అనుభవం మరింత తమాషాగా ఉంటుంది. అక్కడా తొలి కొలబద్ద సీసీలే, 250 లేదా 260. ఆ లెక్కన విరాగో 250 నడపవచ్చు, దాదాపు 60 హార్స్ పవరున్న రెండు స్ట్రోకుల సుజుకి ఆర్‌జీవీ250 కూడా నడపవచ్చు. రెండూ ఒకటే అన్నట్టు చట్టం చూసింది. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 2002లో దీన్ని మార్చి టన్నుకు 150 కిలోవాట్లు, 660 సీసీ అనే జంట హద్దు పెట్టింది. బండి బరువుకు మనిషి బరువుగా 90 కిలోలు కలిపి లెక్క కడతారు. విక్టోరియా 2008 జూలైలో, న్యూజీలాండ్ 2012 అక్టోబరులో ఇదే దారి పట్టాయి. ఎక్స్‌వీఎస్650నే తీసుకుంటే శక్తి సుమారు 30 కిలోవాట్లు, మనిషితో కలిపి బరువు 320 కిలోలు. టన్నుకు 94 అయింది. భారీ శరీరమున్న 650 క్రూయిజరు రాత్రికి రాత్రి కొత్తవారి బండి అయిపోయింది. ఆర్‌జీవీ250 వంటివి నిషేధపు జాబితాకెక్కాయి. మూడు కొలబద్దల్లోనూ బుద్ధి కాస్త ఎక్కువగా పనిచేసింది ఇందులోనే.

పాత బండి ఎంపికలో పాటించే పద్ధతులు కూడా ఈ చరిత్రలోంచే వచ్చాయి. కొత్తవారు ఏడాదో రెండేళ్లో నడిపి, పూర్తి లైసెన్సు రాగానే అమ్మేస్తారు. కాబట్టి నేర్చుకునే బండికి యజమానులు ఎక్కువ, తిరిగిన దూరం తక్కువ, పడిన గుర్తులు మాత్రం ఖాయం. అందుకే తెలిసినవారు ముందుగా బ్రేకు, క్లచ్ లివర్ల కొసలు, ఫుట్‌రెస్టుల అంచులు, ఇండికేటర్లు చూస్తారు. తరవాత చూసేది సైలెన్సరు. క్రూయిజరు కొన్నవాడు చాలావరకు మొదట మార్చేది దాన్నే, మోత కోసం. ఆస్ట్రేలియాలో శక్తి పెంచే మార్పు జరిగితే బండి ఆమోదిత జాబితా లోంచి జారిపోతుంది. యూరప్‌లోనైతే శక్తి తగ్గించిన బండికి వాషరో, థ్రాటిల్ అడ్డమో నిజంగా బిగించి ఉందని చూపే పత్రం అడగాలి. ఎక్కువ రోజులు నిలిపి ఉంచిన బండి ట్యాంకులో తుప్పు, కార్బురేటరులో జిగురు ఉంటాయి. టైరు పక్క గోడమీది సంకేతంలో చివరి 4 అంకెలు తయారైన వారం, సంవత్సరం. 2317 అని ఉంటే 2017లో 23వ వారం. పట్టు నిండుగా కనిపించినా రబ్బరు గట్టిపడి ఉండవచ్చు. విరాగో 250కి చైను, 535కి షాఫ్టు. షాఫ్టుకు పని తక్కువ, చైనుకు ఖర్చు తక్కువ.

చట్టాన్ని ముందే చదివి ఇంజను గీయడం ఇప్పుడు బాహాటంగానే జరుగుతోంది. 2013లో హోండా తెచ్చిన 500 సీసీ వరుస ఏ2 హద్దుకే కుట్టిన చొక్కా. 2017లో రెబెల్ 500 అదే 471 సీసీ ఇంజనుతో వచ్చింది. హార్లీ కూడా హర్యానాలోని బావల్‌లో తయారైన స్ట్రీట్ 500ను ఆస్ట్రేలియా కొత్తవారికి అమ్మింది. అన్నిటికన్నా తెలివైన లెక్క చెన్నై దగ్గర వేశారు. 1955లో మద్రాసుకు వచ్చి స్థిరపడిన రాయల్ ఎన్‌ఫీల్డ్, 2018లో ఇంటర్‌సెప్టరుకు 648 సీసీ ఇంజను ఇచ్చింది. శక్తి 47 హార్స్ పవరుకు కాస్త తక్కువ, కిలోవాట్లలో 35కి ఒక్క మెట్టు కింద. ఒకే ఇంజను యూరప్ 35 కిలోవాట్ల లోపలా ఆస్ట్రేలియా 660 సీసీల లోపలా ఇమిడింది. అదే ఇంజనుతో సూపర్ మీటియర్ 650 అనే క్రూయిజరు 2023లో అమ్మకానికి వచ్చింది.

తెలుగువారికి క్రూయిజరు పరిచయమైంది వేరే దారిలో. బజాజ్ 2001లో కవాసాకితో కలిసి ఎలిమినేటరును, 2005లో అవెంజరును తెచ్చింది. రెండూ 200 సీసీ లోపువే. కానీ వాటిని చిన్నవి చేసింది లైసెన్సు కాదు, పెట్రోలు ఖర్చు, బండి ధర. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం 16 ఏళ్లకు 50 సీసీ లోపు గేర్లు లేని బండి, 18 ఏళ్లకు గేర్ల బండి నడపవచ్చు. గేర్ల బండి లైసెన్సులో సీసీల హద్దూ కిలోవాట్ల హద్దూ లేవు. విజయవాడలో గానీ వరంగల్‌లో గానీ 18 నిండి పరీక్ష నెగ్గినవారు ఆ సాయంత్రమే సూపర్ మీటియర్ 650 నడుపుకుంటూ ఇంటికి వెళ్లవచ్చు.