యాడ్‌కి అంత గొంతు ఎక్కడిది?

మా నవాబుపేటలో మా తరం పిల్లలకి ఒక డ్యూటీ ఉండేది. సీరియల్‌లో బ్రేక్ రాగానే రిమోట్ అందుకొని సౌండ్ తగ్గించుడు, బ్రేక్ అయిపోంగనే పెంచుడు. టీవీ ఖరాబైందని మా నానమ్మ నమ్మకం. టీవీ మంచిగనే ఉంది. గడబిడంతా కొలతలో ఉంది.

అప్పట్లో సౌండ్‌ని ఎక్కువగా పీక్‌తో కొలిచేవాళ్లు. అంటే సిగ్నల్ ఎంత ఎత్తుకు ఎగిరిందో అదొక్కటే చూసేవాళ్లు. కానీ చెవి అలా వినదు. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే ఈ సంగతి చూపించారు: ఒకే బలంతో వచ్చినా లోతైన బేస్ మనకి తక్కువగా, మనిషి గొంతు ఉండే మధ్య స్థాయి ఎక్కువగా వినిపిస్తుందని. పైగా చెవి సగటుని పట్టుకుంటుంది, ఒక్క క్షణం శిఖరాన్ని కాదు.

యాడ్ వాళ్లు ఈ సందులోనే దూరారు. సీరియల్‌లో గుసగుస ఉంటుంది, అత్తగారి అరుపూ ఉంటుంది. యాడ్‌లో కంప్రెసర్ వేసి గుసగుసని కూడా అరుపు దాకా లాగేస్తారు. పీక్ రెండిటికీ ఒకటే. మీటర్ ప్రకారం తప్పే లేదు, చెవికి మాత్రం చెంపదెబ్బ!

మరి మన దగ్గర రూల్ లేదా? ఉంది. 1994 కేబుల్ టీవీ రూల్స్‌లో యాడ్ అతిగా 'లౌడ్'గా ఉండకూడదని రాశారు. ఎంత దాటితే అతి? అక్కడ అంకె లేదు. కోడ్ రాసి బతికినవాడిగా చెప్తున్నా, అంకె లేని కండిషన్‌ని ఏ మిషనూ చెక్ చేయలేదు.

ఆ అంకెకి దారి 2006లో దొరికింది. ఐటీయూ తెచ్చిన బీఎస్ 1770 పద్ధతి, చెవి వినే తీరుకి దగ్గరగా ఫిల్టర్ పెట్టి సగటు తీస్తుంది. 2010లో యూరప్ ప్రసార సంస్థలు మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్ అని గీత గీశాయి. అమెరికాలో అన్నా ఎషూ అనే సభ్యురాలు పట్టుబట్టి తెచ్చిన కామ్ యాక్ట్ 2012 డిసెంబర్ 13 నుంచి అమలైంది. అక్కడ లెక్క మైనస్ 24. మధ్యలో 2011లో ఇంకో తెలివైన మార్పు: నిశ్శబ్దాన్ని సగటులోంచి తీసేశారు. లేకపోతే కాసేపు మౌనం పెట్టి, తర్వాత చెవులు పగలగొట్టొచ్చు కదా!

ఇప్పుడు మీ చేతిలో ఫోన్. యూట్యూబ్ సుమారు మైనస్ 14 దాటిన వీడియోని తనే తగ్గించేస్తుంది. అరిచి అప్‌లోడ్ చేసినా అరుపు మిగలదు, నలిగిన గొంతు మిగులుతుంది. చిన్న వీడియోని మాత్రం పైకి లేపదు. "అన్నా, నీ సౌండ్ తక్కువుంది" అని అడిగే తమ్ముళ్లకి ఇదే నా జవాబు. ఆర్టీసీ బస్సులో వింటుంటే ఇంకో రెండు గీతలు పెంచుకోండి.